ప్రసాద్ గారి సీటు ఊగుట లేదు

సృష్టిలో ప్రతి వస్తువూ ఎంతో కొంత ఊగుతూనే ఉంటుందని శాస్త్రం చెబుతోంది. ఏది ఊగితే ప్రమాదం, ఏది ఊగితే అలవాటు అన్నది మాత్రం శాస్త్రం చెప్పదు. అది వర్జీనియా రాష్ట్రం ఆష్‌బర్న్‌లో, కామ్‌క్రెస్ట్ ఎర్త్‌మూవర్స్ అనే కంపెనీ వారి గాజుగోడల మీటింగ్ రూమ్‌లో నిర్ణయమవుతుంది. ఆ గదిలో కుర్చీలు ఊగవు. (ఒకప్పుడు ఊగేవట. ఒక వైస్ ప్రెసిడెంట్ గారి కాఫీ ఒలికిందని మొత్తం మార్చేశారు.)

మా ఊరి గురించి తెలియనివాళ్ళకి ఒక మాట. మీరు ఎక్కడ కూర్చుని ఏ ఫొటో దాచుకున్నా అది వచ్చి తలదాచుకునే ఊళ్ళలో మాదొకటి. ఎటు చూసినా కిటికీల్లేని డేటా సెంటర్లు. వాటి మధ్య టౌన్‌హోమ్‌లు, ఆ మధ్యలో ఇడ్లీ దొరికే హోటళ్ళు. ఇక్కడి తెలుగువాళ్ళలో రెండు జాతులు ఉన్నాయి. క్లౌడ్‌లో పనిచేసేవాళ్ళు, క్లౌడ్‌లో పని వెతుక్కునేవాళ్ళు. మూడో జాతిలో నాకు తెలిసి ఒకే ఒక్కరున్నారు. ఆయన మా పక్కింటి ఆంజనేయప్రసాద్ గారు. కొత్త డేటా సెంటర్ కట్టడానికి ముందు నేలని చదును చేస్తారు కదా, అక్కడ మట్టి మోసే పెద్ద డంప్ ట్రక్కు నడుపుతారు.

ఒంగోలు దగ్గర గ్రానైట్ క్వారీల్లో లారీ నడిపిన మనిషి. భార్య ఛాయాదేవి గారి అక్క ఇక్కడ సిటిజన్ అయ్యి, తోబుట్టువుల కోటాలో పిటిషన్ వేస్తే, అది చేతికొచ్చేసరికి దంపతులిద్దరికీ జుట్టు నెరిసింది. వచ్చాక ఆయన తనకి వచ్చిన విద్యనే నమ్ముకున్నారు. దీనివల్ల మా తెలుగు సంఘంలో తలో వంటా తెచ్చుకుని పెట్టుకునే పాట్‌లక్‌లలో కొంత ఇబ్బంది కలుగుతూ ఉంటుంది.

"ఏ ప్రాజెక్ట్‌లో ఉన్నారండీ?" అని ఎవరో అడుగుతారు.

"డేటా సెంటర్."

"ఓ నైస్! క్లౌడ్ సైడా?"

"కాదండీ, కింద సైడు."

అడిగినవారు పులిహోర గిన్నె వైపు వెళ్ళిపోతారు.

ఇక ఆయన కూర్చునే సీటు విషయం. అంత ఎత్తు బండి గుంటల్లో పరుగెడుతుంటే కుదుపు మనిషిదాకా రాకుండా సీటు కింద ఒక గాలి సంచి ఉంటుంది. కుదుపులో చాలా భాగం తను మింగి, మిగిలింది మాత్రం డ్రైవరుకి పంపిస్తుంది. ప్రసాద్ గారి బండిలో ఆ సంచి చిరిగి చాలా కాలమైంది. అప్పట్నుంచీ మింగే బాధ్యతని ఆయన వెన్నెముక స్వీకరించింది. సాయంత్రం ఇంటికొచ్చి కారులోంచి దిగాలంటే ముందు ఒక కాలు, కాసేపటికి రెండో కాలు, ఆ తర్వాత ఛాయాదేవి గారి చెయ్యి. మేజోళ్ళు ఆవిడే తొడగాలి. పాదాలు తిమ్మిరెక్కి, కింద నేల ఉందో లేదో తెలియదు. బండి దిగి ఎంతసేపైనా, మంచం మీద పడుకున్నా, ఒళ్ళు ఊగుతున్నట్టే ఉంటుందని ఆయన నాతో అన్నారు. వెన్నుపూసల మధ్య మెత్తదనం అరిగిపోతోందనీ, ఇలాగే నడిపితే ఒకరోజు బండి ఎక్కడం కాదు, మెట్లు ఎక్కడమే ఉండదనీ డాక్టర్ చెప్పింది.

మానెయ్యొచ్చు కదా అంటారు మీరు. పాట్‌లక్‌లో అందరూ అదే అన్నారు. నడుం బాగుపడాలంటే వైద్యం కావాలి. వైద్యానికి ఇన్సూరెన్స్ కావాలి. ఇన్సూరెన్స్ ఉండాలంటే ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం ఉండాలంటే బండెక్కాలి, బండెక్కితే నడుం పోతుంది. ఇంత చక్కగా ఎక్కడా తెగకుండా తిరిగే చక్రాన్ని ఆయన ట్రక్కుకి కూడా బిగించలేదు.

తమాషా ఏమిటంటే కొత్త సీటు ఉంది. కంపెనీ స్టోర్ రూమ్‌లో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, కొత్త పెళ్ళికూతురిలా గోడ పక్కన కూర్చుని ఉంది. రోజూ తాళాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ప్రసాద్ గారు దాన్ని చూసి వచ్చేవారు. ఒకరోజు ధైర్యం చేసి, అది నా బండికి వేయండి అని అడిగారు.

అక్కడే పొరపాటు జరిగింది. ఈ దేశంలో మంచి కంపెనీ ఎవరికీ లేదని చెప్పదు. అడిగినవాడి పేరు మీద ఒక ప్రోగ్రామ్ మొదలుపెడుతుంది.

ఆ ప్రోగ్రామ్‌కి అధిపతి నమ్రత గారు. హోదా డైరెక్టర్ ఆఫ్ సీటెడ్ ఎక్స్‌పీరియన్స్. (మన భాషలో ఆసనానుభవాధికారిణి అనవచ్చు, కానీ వీసా పేపర్లలో పట్టదు.) విజయవాడ అమ్మాయి, మర్యాద తెలిసిన మనిషి. ప్రసాద్ గారిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కళ్ళలోకి చూస్తూ మాట్లాడింది.

"ప్రసాద్ గారూ, ఐ హియర్ యూ. బట్ నొప్పి అనేది సబ్జెక్టివ్ కదండీ. మాకు డేటా కావాలి."

"డేటా అంటే ఏందమ్మా?"

"సీటు ఎంత ఊగుతోందో ఒక నంబర్."

"శానా ఊగతా ఉందమ్మా."

"శానా అనేది నంబర్ కాదండీ."

నిజానికి ఆవిడ చేతులు కట్టేసి ఉన్నాయి. మనిషి ఒంటికి ఇంతకు మించి ఊపు తగలకూడదని ఈ దేశపు కేంద్ర చట్టంలో ఎక్కడా అంకె లేదు. సలహాలున్నాయి. సలహాలు మనకి తెలియనివి కావు, పెళ్ళిళ్ళలో పెద్దమనుషులు ఇచ్చేవీ అవే. కాబట్టి అంకెని కంపెనీయే స్వయంగా కనిపెట్టవలసి వచ్చింది. సీటు కింద సెన్సార్ పెట్టాలనీ, అది పంపే డేటా ఆఫీసు కంప్యూటర్లో డ్యాష్‌బోర్డు అనే తెర మీద పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో కనబడాలనీ, ఎరుపు వస్తే కొత్త సీటు మంజూరు చేయాలనీ తీర్మానించారు. ఈ లోపల ప్రసాద్ గారికి ఎలా కూర్చోవాలో నేర్పే ఒక వీడియో చూపించారు. అందులోని నియమాలు నాకు కంఠతా వచ్చు. ఉద్యోగి కుదుపు రాకముందే కుదుపుకి సిద్ధముగా ఉండవలెను. గుంటను శత్రువుగా భావింపరాదు. నడుము నొప్పి వచ్చినచో నడుమును కదిలింపవలెను. నడుము కదలనిచో వీడియోను మరల చూడవలెను.

డ్యాష్‌బోర్డు తయారుచేసే పని అవినాష్‌కి పడింది. అవినాష్ కరీంనగర్ కుర్రాడు, అదే కంపెనీలో హెచ్‌వన్‌బీ మీద సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మా కాంప్లెక్స్‌లోనే ఒక బేస్‌మెంట్‌లో అద్దెకుంటాడు. వారంలో సగం రోజులు ఛాయాదేవి గారింట్లోనే భోంచేస్తాడు. ఆవిడ గోంగూర పచ్చడి తిన్నవాడు ఆవిడ భర్తకి అన్యాయం చెయ్యడని మేమంతా ధీమాగా ఉన్నాం. చెయ్యలేదు కూడా. సాఫ్ట్‌వేర్ చేశాడు, అంతే.

సెన్సార్ పెట్టిన మొదటిరోజే గ్రాఫ్ పిచ్చిగా ఎగిరింది. గీత తెర పైభాగాన్ని తాకి, కిందికి దూకి, మళ్ళీ పైకి. ప్రసాద్ గారి నడుములో ఏం జరుగుతోందో ఆ రోజు లోకానికి మొదటిసారి తెలిసింది. కానీ మీటింగ్ రూమ్‌లో పెద్ద తెర మీద దాన్ని చూసినవాళ్ళకి కళ్ళు తిరిగాయి. నమ్రత గారికి తలనొప్పి వచ్చింది. ఒక వైస్ ప్రెసిడెంట్ గారు (కాఫీ ఒలికినాయనే) గోడ పట్టుకున్నారు. వెంటనే ఒక టికెట్ నమోదైంది. సమస్య, గ్రాఫ్ ఊగుతోంది. తీవ్రత, అత్యధికం. బాధితులు, యాజమాన్యం.

మన కుర్రాళ్ళకి టికెట్ వస్తే చాలు, మూసేసేదాకా నిద్రపట్టదు. గీత అలా ఎగురుతుంటే దాన్ని నాయిస్ అంటారనీ, నాయిస్ ఉంటే తీసెయ్యాలనీ అవినాష్ కాలేజీలో చదువుకున్నాడు. తీసేశాడు. ఇంకా కొంచెం మిగిలితే సగటు తీశాడు. ఆ సగటులో లంచ్ టైమూ, డీజిల్ పోయించే టైమూ, ఆదివారం బండి షెడ్డులో నిద్రపోయిన టైమూ అన్నీ కలిశాయి. గీత మా ఊరి హైవేలా నున్నగా తయారైంది. రంగు పచ్చ. కంపెనీలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం అన్నం కలుపుకుంటూ అవినాష్ సంబరంగా చెప్పాడు. "అంకుల్, మీ సెన్సార్‌ల మస్తు నాయిస్ ఉండె. మొత్తం తీసేసిన."

"తీసేశావా?" అన్నారు ప్రసాద్ గారు, కుర్చీలో పక్కకి ఒరిగి. "నాకింకా ఉందే."

వాడికి అప్పుడు అర్థమైంది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, పాత గ్రాఫే సరైనది, వెనక్కి పెడతానని నమ్రత గారికి చెప్పాడు. ఆవిడ చాలా ఓపికగా విన్నది. క్లోజ్ అయిన టికెట్‌ని తెరవాలంటే కొత్తగా ఎవరికో తలనొప్పి రావాలట. నడుం నొప్పి వేరే విభాగం.

కొన్నాళ్ళకి సెన్సార్ చచ్చిపోయింది. కారణం విచారించగా, తయారీదారు షరతుల్లో స్పష్టంగా ఉంది. ఈ పరికరాన్ని అధికంగా ఊగే చోట అమర్చరాదు. కామ్‌క్రెస్ట్ వాళ్ళు ఏ విషయంలోనైనా ఆలస్యం చేస్తారేమో కానీ పరికరం విషయంలో చెయ్యరు. మర్నాటికల్లా కొత్త సెన్సార్ వచ్చింది. దాని కింద నాలుగు వేళ్ళ మందం మెత్తటి జెల్ పరుపు వచ్చింది. పరుపు మీద సెన్సార్, సెన్సార్ మీద చిరిగిన సీటు, సీటు మీద ప్రసాద్ గారు. సెన్సార్ సుఖంగా పడుకుని, ఏమీ ఊగడం లేదని రోజూ కబురు పంపసాగింది.

"ఆ మెత్త నా కింద పెట్టకూడదంటయ్యా?" అని ఆయన అడిగారు.

"అది సెన్సార్ బడ్జెట్‌ల కొన్నరు అంకుల్," అన్నాడు అవినాష్, కళ్ళెత్తకుండా.

అయితే డ్రైవర్ల సంక్షేమం గాలికొదిలేశారని అనుకోకండి. బ్రేక్ రూమ్‌లో ఒక మసాజ్ కుర్చీ పెట్టారు. యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళి కూర్చుంటే అది మనిషిని నడుం నుంచి మెడదాకా గడగడలాడిస్తుంది. ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్టి, ప్రసాద్ గారి చేతనే కట్ చేయించి, ఆయన్నే ముందు కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఫొటోలో ఆయన ముఖం మసకగా వచ్చింది. ఇంటికొచ్చి ఛాయాదేవి గారితో, "పొద్దుటేల బండి ఊపింది, సాయంత్రం కుర్చీ ఊపింది. ఇంక నువ్వొక్కదానివే బాకీ," అన్నారట. రోట్లో తలపెట్టి రోకటి పోటుకు వెరవనేల అంటారు. పెద్దలు ఆ మాట అన్నప్పుడు రోలుకి వెల్‌నెస్ విభాగం లేదు.

ఇంతవరకూ జరిగింది నేను నవ్వుతూ చెప్పగలిగాను. ఒకరోజు ఆయన మా డ్రైవ్‌వేలో చెత్తబుట్ట లాక్కెళ్తూ సగంలో ఆగిపోయి, దాన్నే పట్టుకుని అలా నిలబడిపోయారు. కదిలితే పడతారు. నేనూ, ఛాయాదేవి గారూ చెరో పక్కా పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాం. ఆవిడ ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

అలాంటి సమయంలో దేవుడు పక్క భవనం రూపంలో ప్రత్యక్షమయ్యాడు.

ప్రసాద్ గారు మట్టి తోలే స్థలం పక్కనే, కంచె అవతల, ఇప్పటికే నడుస్తున్న డేటా సెంటర్ ఒకటుంది. ఒక మధ్యాహ్నం ఆయన బండి నిండు మట్టితో ఆ కంచె పక్కగా వెళ్ళింది. లోపల అరల్లో కూర్చున్న సర్వర్లకి నేల కొద్దిగా అదిరినట్టు అనిపించింది. అనిపించింది అంతే. కానీ సైరన్ మోగింది. పని మొత్తం ఆగిపోయింది. కార్లలో మనుషులు దిగారు. నమ్రత గారిని బూట్లలో, హెల్మెట్‌లో చూడటం సైట్‌కి అదే మొదటిసారి. కంచె పక్క దారిని ఆ పూటకా పూట చదును చేసి, కట్టడం పూర్తయ్యేదాకా ఆ వైపు ఏ బండీ నత్త కంటే వేగంగా పోకూడదని ఉత్తర్వు ఇచ్చారు. దారి పొడుగునా రబ్బరు పరిచారు. సర్వర్ల యజమానులకి క్షమాపణ పంపారు.

"ఆ పెట్టెలకి ఏమైందమ్మా?" అని ప్రసాద్ గారు భయంగా అడిగారు.

"ఏమీ కాలేదు ప్రసాద్ గారూ, థాంక్ గాడ్. జస్ట్ ప్రికాషన్. అవి చాలా సెన్సిటివ్."

ఈ సంగతి రాత్రి భోజనాల దగ్గర విని ఛాయాదేవి గారు గరిటె కింద పెట్టారు. నేనూ, అవినాషూ, ప్రసాద్ గారూ తింటున్నాం. ఆయన నిలబడి తింటున్నారు, ఆ మధ్య అలాగే తింటున్నారు.

"పెట్టెలకైతే పూటలో వచ్చారన్నమాట," అన్నారావిడ.

"వచ్చారు."

"అయితే అవినాషూ, మీ అంకుల్‌ని కూడా ఆ పెట్టెల్లో ఒకటిగా రాసెయ్యి."

మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. "నవ్వుతారేందయ్యా? మనిషిగా అడిగితే వీడియో చూడమన్నారు. మిషను అయితే రబ్బరు పరిచారు. ఆయనకి మర్యాద కాదు కావాల్సింది, సీటు."

అవినాష్ చెయ్యి కడుక్కొచ్చి లాప్‌టాప్ తెరిచాడు. కంపెనీ ఆస్తుల జాబితాలో కొత్త పరికరం చేర్చే అధికారం వాడికుంది. రకం దగ్గర ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి, మనిషి లేడు. స్టోరేజ్ పరికరం అని నొక్కాడు. తయారైన దేశం, ఇండియా. తయారైన సంవత్సరం, ఆయన పుట్టిన సంవత్సరం. పనిచేసే ఉష్ణోగ్రత దగ్గర ఛాయాదేవి గారు, "ఒంగోలు ఎండ నించి ఇక్కడి మంచు దాకా," అన్నారు. ఎంత ఊపు తట్టుకోగలదు అన్న చోట వాడు కాసేపు ఆగాడు. ఏ సర్వర్ డబ్బా మీదైనా ఈ అంకె అచ్చేసి ఉంటుంది. ప్రసాద్ గారు పుట్టినప్పుడు మంత్రసాని అలాంటి కాగితం ఏదీ ఇవ్వలేదు. చివరికి, అతి స్వల్పం, అని రాశాడు. రాసినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదని మీరు గమనించాలి.

మర్నాడు మధ్యాహ్నానికి స్టోర్ రూమ్‌లో పెళ్ళికూతురి ముసుగు తొలగింది. చేతి తొడుగులు వేసుకున్న ఇద్దరు టెక్నీషియన్లు వచ్చి కొత్త సీటు బిగించారు. జెల్ పరుపు తీసేసి, సెన్సార్‌ని కొత్త సీట్లోనే అమర్చారు. ప్రసాద్ గారి జాకెట్ మీద ఒక బార్‌కోడ్ అంటించారు. చెరో భుజం పట్టుకుని, ఎక్కడా తగలకుండా, మెల్లగా ఆయన్ని ఎక్కించారు. "ఇది ఎప్పుడూ నిటారుగానే ఉంచారా?" అని ఛాయాదేవి గారికి ఫోన్ చేసి అడిగారు. ఈ దేశానికి వచ్చాక తనతో ఎవరూ ఇంత సున్నితంగా వ్యవహరించలేదని ఆయన ఆశ్చర్యపోయారు.

ఆ తర్వాత కొన్ని వారాలు బాగా గడిచాయి. నేను ఒప్పుకుంటాను, నాకు చాలా సంతోషమేసింది. ఆయన కూర్చుని అన్నం తిన్నారు. తన మేజోళ్ళు తనే వేసుకున్నారు. పాదాల కింద నేల తెలుస్తోందన్నారు. ఛాయాదేవి గారు బొబ్బట్లు చేసి వీధంతా పంచారు. అవినాష్‌కి రెట్టింపు పెట్టారు. కొండని తవ్వి ఎలుకని పట్టినట్టే అయినా, ఎలుక మనదే కదా అనుకున్నాం.

కానీ పరికరం అన్నాక దానికి ఏటా సమీక్ష ఉంటుంది. మనుషులకీ ఉంటుంది, అందులో ఎలా ఫీలవుతున్నారని అడుగుతారు. పరికరాన్ని అలా అడగరు, దాని చరిత్ర చూస్తారు. సర్వర్ల చరిత్రని సగటు తీసి చూడటం నేరం. అందులో నాయిస్ అనే మాటే వాడకూడదు. ప్రతి కుదుపూ కుదుపుగానే లెక్కకి రావాలి. కాబట్టి సమీక్ష కమిటీ వాళ్ళు అవినాష్ చదును చేసిన పచ్చటి గీతని పక్కకి నెట్టి, దాని కింద ఇంతకాలం పడి ఉన్న అసలు డేటా తెరిచారు.

గది ఎర్రబడిపోయింది. అంత ఊపు తిన్న పరికరాన్ని వాళ్ళెప్పుడూ చూడలేదట. ఇది ఇంకా ఎలా పనిచేస్తోంది అని ఒకాయన నోరు వెళ్ళబెట్టాడట. మొదటి సెన్సార్ పెట్టిన రోజు నుంచి అది చచ్చిన రోజుదాకా, గుంట గుంటకీ, కంకర రాయి రాయికీ, ప్రసాద్ గారు చెప్పిందంతా అక్షరాలా అక్కడ ఉంది. ఇన్నాళ్ళకి ఆయన్ని ఒక కమిటీ పూర్తిగా నమ్మింది. నమ్మి, నియమావళి ప్రకారం, పరిమితికి మించి ఊగిన పరికరాన్ని వాడుకలో ఉంచడం ప్రమాదకరమని తీర్మానించింది.

ప్రసాద్ గారిని ఉద్యోగంలోంచి తీయలేదు. అలాంటి అమానుషమైన పని కామ్‌క్రెస్ట్ చెయ్యదు. వాడుకలోంచి తీసింది.

ఆయన నమ్రత గారి దగ్గరికి వెళ్ళారు. తోడు నేనూ వెళ్ళాను. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి, అవి నిజం నీళ్ళే.

"అమ్మా, నేను మనిషినమ్మా."

"ఐ నో ప్రసాద్ గారూ. నాకు తెలీదా? బట్ సిస్టమ్‌లో చేంజ్ చెయ్యాలి కదండీ."

"చెయ్యి తల్లీ."

"మనిషిగా మారిస్తే, మీకు ఇక్కడ పని వల్ల నడుం దెబ్బతిందని మెడికల్ క్లెయిమ్ వేసుకోవచ్చు. ఐ వాంట్ దట్ ఫర్ యూ. కానీ మనిషిగా మీ డేటా మొత్తం గ్రీన్‌లో ఉందండీ. రెడ్‌లో ఉన్నది పరికరం."

"రెండూ నేనే గదమ్మా?"

"మెడికల్ వాళ్ళకి గ్రీన్ వెళ్తుంది, ఆస్తుల వాళ్ళకి రెడ్ వెళ్తుంది. రెండూ ఒకే స్క్రీన్ మీద రావు," అని ఆవిడ ముక్కు తుడుచుకుంది. "అవినాష్ చాలా బాగా డిజైన్ చేశాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ బల్ల ఎత్తి కుదేద్దామనిపించింది. (బల్ల నేలకి బిగించి ఉంది. వాళ్ళు కుదుపుల గురించి అన్నీ ఆలోచించిన మనుషులు.) ప్రసాద్ గారు మాత్రం లేచి, నడుం మీద చెయ్యేసుకుని, "సర్లే అమ్మా, నువ్వు ఏడవమాక," అన్నారు. వచ్చేముందు ఆఫీసువాళ్ళు ఆయన్ని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పరికరంలో నిలవ ఉన్న సమాచారం అంతా చెరిపివేయబడినది అని. ఆయన కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు. బయటికొచ్చాక, "ఏదీ మర్చిపోలేదయ్యా నేను, అబద్ధపు సంతకం పెట్టా," అన్నారు నాతో.

అవినాష్ కొన్నాళ్ళు భోజనానికి రాలేదు. ఛాయాదేవి గారే బేస్‌మెంట్‌కి వెళ్ళి తలుపు కొట్టి తీసుకొచ్చారు. వాడు కంచం ముందు తలొంచుకుని, "ఆంటీ, నేను మంచిగ చేద్దామనే..." అని ఆపేశాడు.

"తినరా. చెప్పింది నేను, రాసింది నువ్వు, ఊగింది ఆయన. ఎవరి పని వాళ్ళం చేశాం," అన్నారావిడ. ఆ మాటలో ఎక్కడా వెక్కిరింత లేదు. నాకు చేతనైన వెక్కిరింతంతా ఆ పూట నోట్లోనే ఉండిపోయింది.

ఆ వారాంతంలో ప్రసాద్ గారి గుమ్మం ముందు ఒక పెద్ద పెట్టె దిగింది. నియమావళిలో ఇంకో అంశం ఉంది. పరికరాన్ని వాడుకలోంచి తీసినప్పుడు దాని పేరున మంజూరైన అనుబంధ సామగ్రి కూడా దానితోనే పోవాలి. వేరేవాళ్ళకి వాడితే ఆడిట్‌లో తప్పు. కాబట్టి కొత్త సీటుని ట్రక్కులోంచి విప్పి, లోపలి సెన్సార్‌తో సహా ఇంటికి పంపారు. ట్రక్కులో మళ్ళీ ఆ చిరిగిన పాత సీటే బిగించారు.

ఇప్పుడు ఆయన హాల్లో, టీవీ ఎదురుగా, ఆ గాలి సీటు మీద కూర్చుని ఉంటారు. వాడుకలోంచి తీసిన పరికరానికి ఇన్సూరెన్స్ ఉండదు కాబట్టి వైద్యం ఆగి, నడుం మళ్ళీ మొదటికొచ్చింది. లేవాలంటే ఛాయాదేవి గారు పట్టుకోవాలి, కాబట్టి ఎక్కువగా లేవరు. సెన్సార్ ఇంట్లో వైఫైకి తనంతట తనే కలుసుకుంది. రోజంతా కబురు పంపుతూనే ఉంటుంది. ఈసారి నాయిస్ తియ్యక్కర్లేదు, సగటు తియ్యక్కర్లేదు. సున్నా. ఆ సున్నా తిన్నగా ఆఫీసు డ్యాష్‌బోర్డుకి చేరి, అక్కడినుంచి కంపెనీ వార్షిక నివేదిక మొదటి పేజీకి ఎక్కింది. ఈ ఏడాది ఉత్తమ ఆపరేటర్ ఆరోగ్య పురస్కారం కామ్‌క్రెస్ట్‌కే వచ్చింది. పురస్కార సభలో నమ్రత గారు ప్రసాద్ గారి పేరు తలుచుకున్నారని అవినాష్ చెప్పాడు.

ఆయన ట్రక్కు ఇప్పుడు ఒక కొత్త డ్రైవరు నడుపుతున్నాడు. మొన్న కంచె పక్కన ఆపి, కిందికి దిగి, నడుం పట్టుకుని కాసేపు నిలబడటం నేను చూశాను. ఏమిటా అని అవినాష్‌ని అడిగాను. ఏమీ లేదట. ఆ సీటుకి సెన్సార్ లేదు కాబట్టి అది ఊగదట.